అద్దరికి పోవు దోనె



ఈ నెల ధ్యానమునకు మార్కు సువార్త 4వ అధ్యాయము 35వ వచనమునుండి 5వ అధ్యాయము 20వ వచనము వరకు మీ యిండ్లలో చదువుకొనుడి. చదువు రాని పెద్దలు పిల్లలచేత చదివించుకొనుడి. ఆ భాగములో మన ప్రభువు సాయంకాలమందు శిష్యులతోకూడ దోనెలో బయలుదేరి, సరస్సు దాటి అద్దరికి వెళ్లెను. మనమును ఈ నెల ఆ సరస్సు చుట్టు నెమ్మదిగా ఒక ప్రయాణము చేసి వత్తము. తొందర లేదు. రేవు రేవున ఆగుదము.

గలిలయ సముద్రమని పేరేగాని అది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు మిక్కిలిగా నున్నచోట 13 కిలోమీటర్లు. ఉత్తరమున యొర్దాను నది వచ్చి కలియును, దక్షిణమున మరల బయలువెళ్లును. సముద్ర మట్టమునకు దాదాపు 210 మీటర్ల దిగువన, కొండల నడుమ, గిన్నెలో పోసిన నీళ్లవలె నుండును. అక్కడి తుపానులకు కారణము ఇదియే. పైనుండి చల్లగాలి ఆ గిన్నెలోని వెచ్చని గాలిమీదికి ఒక్కసారిగా దిగినప్పుడు, అంతకుముందు అద్దమువలె నున్న నీరు లేచి అలలై కొట్టును. పాత నిబంధనలో ఈ సరస్సునకు కిన్నెరెతు అని పేరు. తంతివాద్యమును పోలిన ఆకారమునుబట్టి ఆ పేరు వచ్చెనని కొందరందురు. మన కిన్నెర మీకు జ్ఞాపకము రావచ్చును. మాకైతే ఆ పోలిక చెవికింపుగానే యున్నది.

ఇటీవలి సంవత్సరములలో మన తెలుగు సంఘములనుండియు అనేకులు ఆ దేశమునకు యాత్ర వెళ్లి వచ్చిరి. యాత్రికులను చెక్క పడవ ఎక్కించి, వారి దేశపు జెండా ఎగురవేసి, జాతీయ గీతము వినిపించి, నడి సరస్సులో ఇంజను ఆపి ప్రార్థన చేసికొననిత్తురట. మేము వెళ్లినవారము కాము. వేదాంత పాఠశాలలో గోడకు వ్రేలాడిన పటముమీద బెత్తము పెట్టి తిరిగిన ప్రయాణమే మాది.

పడమటి ఒడ్డున తిబెరియ యున్నది. హేరోదు అంతిప క్రీ.శ. 20వ సంవత్సర ప్రాంతమున కట్టించి, రోమా చక్రవర్తి పేరు పెట్టిన పట్టణమిది. ప్రభువు దీనిలో అడుగు పెట్టినట్లు సువార్తలలో ఎక్కడను లేదు. తిబెరియనుండి కొన్ని దోనెలు వచ్చెననియు, జనులు వాటినెక్కి ఆయనను వెదకబోయిరనియు మాత్రము యోహాను 6వ అధ్యాయములో చూతుము. ఉత్తరముగా కొంచెము సాగిన మగ్దల; మగ్దలేనే మరియ ఊరు. గ్రీకు భాషలో దీనికి తారికేయ అని పేరు, అనగా చేపలకు ఉప్పు పట్టించు చోటు. ఆ ఊరి వాసన ఎట్టిదో మన సముద్రతీరపు సంఘములవారికి చెప్పనక్కరలేదు. 2009లో అక్కడ త్రవ్వగా ప్రభువు దినములనాటి సమాజమందిరము బయలుపడినది.

ఇంకను ఉత్తరమున గిన్నోసరు ఒడ్డు. ఇచ్చట కొంతసేపు నిలువవలెను. 1986లో అనావృష్టివలన సరస్సు నీరు మిక్కిలి తగ్గినప్పుడు, జాలరి పనివారైన ఇద్దరన్నదమ్ములు బురదలో ఒక పాత దోనె ఆకారమును కనుగొనిరి. పండితులు పరీక్షించి, అది ఇంచుమించు ప్రభువు కాలముదే యని తేల్చిరి. పొడవు 8 మీటర్లకు కొంచెము పైన, వెడల్పు 2 మీటర్లకు కొంచెము పైన. ఆ దోనె ప్రభువు ఎక్కినదని ఎవరును చెప్పజాలరు, చెప్పవలసిన పనియు లేదు. మమ్మును ఆకర్షించినది వేరొకటి. దానిలో దాదాపు 12 రకముల చెక్క కనబడినది. దేవదారు పలకలు, సింధూరపు కఱ్ఱ, వాటి నడుమ దొరికిన చెక్కనెల్ల చెక్కి వేసిన అతుకులు. బీదవాని దోనె అది. క్రొత్తది కొనలేక, పాడైనచోటనెల్ల బాగుచేసికొని, ఏండ్ల తరబడి నడిపించినాడు. మన పల్లెలలో పడవలున్నవారు, బండ్లున్నవారు ఈ సంగతి గ్రహింతురు.

తరువాతి రేవు కపెర్నహూము. నల్లరాతి గోడలతో కట్టిన జాలరుల ఊరు. పేతురు ఇల్లు ఇచ్చటనే. ఇది హేరోదు అంతిప రాజ్యమునకు అంచుననున్నది. యొర్దాను దాటిన ఫిలిప్పు రాజ్యము. సరిహద్దు గనుక సుంకపు మెట్టు ఇచ్చట నుండెను, ఆ మెట్టునొద్ద లేవి అను మత్తయి కూర్చుండెను. రాత్రియంతయు వల లాగి, తెల్లవారి చేపలను అమ్మకమునకు పంపుకొను పేతురు వంటివారు ఆ మెట్టు దాటునప్పుడు లోలోపల ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. ఆ సుంకరిని ప్రభువు పిలిచెను. ఆ జాలరులను అంతకు ముందే పిలిచియుండెను. ఇద్దరిని ఒకే దోనెలో కూర్చుండబెట్టెను. ఎనిమిది మీటర్ల దోనెలో మోకాలు మోకాలు తగులకుండ కూర్చుండుట సాధ్యము కాదు. తుపాను వచ్చినప్పుడు నీళ్లు తోడుట కెవని చేయి యైతేనేమి?

బేత్సయిదాను త్వరగా దాటుదము. నది తెచ్చిన మన్నుతో ఒడ్డు మారిపోయి, ఆ ఊరు ఏ దిబ్బ క్రింద నున్నదో పండితులు నేటికిని వాదించుచున్నారు. ఈ బేత్సయిదా, ఈ కపెర్నహూము, కొండమీది కొరాజీను, ఈ మూడూళ్లే ప్రభువు అద్భుతములను మిక్కిలిగా చూచినవి. ఆయన శ్రమపడి గద్దించినదియు ఈ మూడూళ్లనే (మత్తయి 11:20-24). ఆ దినముల ఊళ్లు నేడు రాళ్లుగా నున్నవి. ఆయన అడుగు పెట్టినట్లు ఎక్కడను చదువని తిబెరియ మాత్రము నేటికిని పట్టణముగా నిలిచియున్నది. ఈ సంగతి మా మనస్సునకు చాల దినములు తెమలలేదు. తాతల కాలమునుండి బాప్తిస్మము పొందిన కుటుంబములవారము మనము. గుడి గంట మన వాకిటనే మ్రోగును.

ఇక తూర్పు ఒడ్డు, అనగా అద్దరి. కపెర్నహూమునుండి 10 కిలోమీటర్లకు లోపే. అయినను అది వేరు లోకము. అక్కడ పందులు మేయుచుండెను. యూదుడు వాటి చాయలకు పోడు. నేడు కుర్సీ అని పిలువబడు చోట 1970లో బాట వేయుచుండగా పురాతనమైన సన్యాసుల మఠము, దానిలో గుడి బయలుపడెను. పూర్వపు క్రైస్తవులు పందుల సంగతి జరిగినది ఇచ్చటనే అని నమ్మిరి. రాత్రి తుపాను దాటి ప్రభువు అక్కడికి పోయినది ఎందరి కొరకు? సమాధులలో నివసించు ఒక్క మనుష్యుని కొరకు. ఆ ఊరివారు వచ్చి, బాగుపడిన వానిని చూచియు, పోయిన రెండువేల పందులను లెక్కించుకొని, దయచేసి వెళ్లుమని ఆయననే బ్రతిమాలిరి. ఆయన తిరిగి దోనె యెక్కెను. బాగుపడినవాడు వెంట వత్తునని ఎంత వేడినను ఎక్కించుకొనలేదు. నీ యింటివారియొద్దకు పొమ్మనెను. తరువాత మార్కు 7వ అధ్యాయములో ప్రభువు మరల దెకపొలికి వచ్చినప్పుడు, ఆ ప్రాంతపువారు ఒక చెవిటివానిని తీసికొని ఆయనయొద్దకు వచ్చిరి, బ్రతిమాలిరి. ఈసారి వెళ్లుమని కాదు.

సహోదరులారా, ఈ ప్రయాణమును మేము పటముమీదనే ముగించి ఊరకుండవలెనని యుంటిమి. మనస్సాక్షి ఒప్పలేదు. మా పరిచర్యలోని ఊళ్లలో ఒకదానికి నడుమ పంట కాలువ యున్నది. ఇవతల పల్లె, అవతల గూడెము. రెండు వైపులను విశ్వాసులే, రెండు వైపులను ఒకే వేదము. గత సంవత్సరము ఒక ఆదివారము గూడెమువారు కొందరు పల్లె గుడికి వచ్చి, ప్రభురాత్రి భోజనమునకు ముందు వరుసలో మోకరించిరి. వారు పాత్ర తీసికొనిన తరువాత, పల్లెవారిలో కొందరు ఏడ్చు పిల్లలను ఎత్తుకొని బయటికి వెళ్లిరి. పిల్లలు ఏడ్చుట లేదు. కొందరు పిల్లలు లేకయే వెళ్లిరి. ఆరాధన ముగిసిన పిమ్మట వారే వచ్చి మాతో చేతులు కలిపి, ప్రసంగము బాగున్నదనిరి.

మేము చూచితిమి. ఒక్క మాటయు అనలేదు. సంఘపెద్దలు నొచ్చుకొందురనియు, కోతల కానుకలు తగ్గుననియు భయపడితిమి. పందులను లెక్కపెట్టుకొనినవారిని ఇంతసేపు మీ యెదుట నిందించితిమి గదా. ఆ దినమున మేమును లెక్కపెట్టుకొనియే ఊరకుంటిమి. గూడెమునకు ప్రభురాత్రి భోజనము ఇచ్చుటకు మేము వేరొక దినమున, వేరొక పాత్రతో వెళ్లుచు వచ్చితిమి. అది సౌకర్యము కొరకని అందరితోను చెప్పితిమి. ఇందుకై దేవుని యెదుట ఒప్పుకొని, గూడెములోని పెద్దల యిండ్లకు పోయి వారి యెదుటను ఒప్పుకొంటిమి. ఒక ముసలి తల్లి మాకు మజ్జిగ ఇచ్చి, "మీరు ఎరుగుదురో లేదో అనుకొంటిమయ్యగారూ" అనెను. అంతకంటె ఏమియు అనలేదు.

వచ్చు నెల మొదటి ఆదివారమున ఆ ఊరి రెండు వైపులవారికి కలిపి ప్రభురాత్రి భోజనము ఒక్కటే జరుగును. గూడెము గుడిలో, ఉదయము 8 గంటలకు, ఒకే పాత్రతో. పల్లెనుండి వచ్చువారు కాలువ గట్టున రావిచెట్టునొద్ద 7 గంటలకు కలిసికొనుడి. మేమక్కడ ఉందుము. వంతెన పలకలు రెండు కదలుచున్నవి గనుక వృద్ధులను చేయి పట్టి దాటింపవలెను.