కొమ్ములో ఉప్పు

అంత శాంతం బోధించిన బుద్ధుడి శిష్యులు తమలో తాము ఎందుకు తగువులాడుకున్నారు? ఆయన పోయిన సుమారు నూరేళ్ళకు వైశాలిలో పెద్ద రగడే జరిగింది. నిర్వాణం గురించి కాదండీ. భిక్షువు కాస్త ఉప్పు కొమ్ములో పోసి దాచుకుని, చప్పిడి తిండి దొరికిననాడు కలుపుకోవచ్చునా అని! మధ్యాహ్నం తిరిగి నీడ రెండు వేళ్ళు సాగాక తినవచ్చునా, వెండి బంగారాలు పుచ్చుకోవచ్చునా... ఇలాంటివి మొత్తం 10.

బంగారం మాట సరే, దానికి తగువు రావలసిందే. ఉప్పు దగ్గరే నవ్వొస్తుంది. కానీ వంటిల్లు నడిపే మనకు తెలియనిదా? ఇవాళ ఉప్పు దాచినవాడు రేపు బియ్యం దాస్తాడని ఒకరి భయం. చిటికెడు ఉప్పుకే ముక్తి ఆగిపోతుందా అని ఇంకొకరి విసుగు. ఇద్దరి మాటా తీసెయ్యలేం.

అసలు చిక్కు బుద్ధుడి ఆఖరి రోజుల్లోనే ఉంది. నా తరవాత ధర్మమే మీకు గురువన్నాడు గాని, ఫలానావాడు పెద్ద అనలేదు. చిన్న చిన్న నియమాలు కావాలంటే వదిలేయవచ్చునని ఆనందుడితో అన్నాడట. ఏవి చిన్నవో ఆనందుడు అడగలేదు. పోయేవాళ్ళ మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు అలాంటి ప్రశ్నలు తోస్తాయా, పాపం! తరవాత రాజగృహ సభలో, కాశ్యపుడి మాట మీద, ఒక్క నియమం కూడా వదలకూడదని తీర్మానమైంది. అడగనందుకు ఆనందుడికి చీవాట్లు పడ్డాయి. కాశ్యపుడి జాగ్రత్త నాకు అర్థమవుతుంది గాని, గురువు ఇచ్చిన సడలింపును శిష్యులే వెనక్కి తీసుకోవడం మాత్రం మింగుడుపడదు. ఉప్పు దాచినవాడూ, వద్దన్నవాడూ కూడా ఆ లేని మనిషి మాటనే నిలబెడుతున్నాననుకున్నాడు. తేల్చి చెప్పేందుకు ఆయన లేడు.

ఇలా చీలిన శాఖలు మన కృష్ణ ఒడ్డుకూ వచ్చాయి. 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనాలు చూడండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ మహాచైత్యం కట్టించింది, అపరమహావినశైలీయుల కోసం. ఆయన భార్య భట్టిదేవి విహారం బహుశ్రుతీయులకు. వనవాసి రాజుకిచ్చిన కూతురు కొడబలిశ్రీ విహారం మహీశాసకులకు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళపు థేరులకు చైత్యగృహం కట్టించింది. ఇక రాజుగారి తండ్రి శాంతమూలుడు చూస్తే, అశ్వమేధం చేసిన వైదికుడు! ఇన్ని విహారాలూ ఒక్క లోయలోనే, మనం పేరంటానికి నడిచి వెళ్ళేటంత దూరాల్లోనే ఉండేవి.