నీటి నిలకడ

పుష్య పౌర్ణమి దగ్గర పడిందంటే ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర సందడి. ఆ చలిరోజుల్లోనూ ఆదోని వైపు నుంచి మంత్రాలయం వెళ్లేవాళ్లు తుంగభద్రలో మునిగే దర్శనానికి పోతారు. తెల్లవారుజామున ఏటి ఇసుక మీద కాలు పెడితే అరికాళ్లు జివ్వుమంటాయి. మోకాలిలోతు నీళ్లలోకి దిగితే మాత్రం గోరువెచ్చగా, హాయిగా ఉంటుంది. రాఘవేంద్రుల మహిమ అని పెద్దవాళ్లు మొక్కుతారు. నేనూ మొక్కుతాను. ఆ మహిమ ఎలా పనిచేస్తుందో తెలిశాక ఇంకా మొక్కబుద్ధవుతుంది.

నీరు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే అంతే బరువున్న ఇసుకకన్నా దాదాపు ఐదింతల వేడి కావాలి. అందుకే నిదానంగా కాగుతుంది, నిదానంగా చల్లారుతుంది. పగటి ఎండను దాచుకుని రాత్రంతా కొద్దికొద్దిగా వదులుతుంది. చేపకు మనలా ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి లేదు. నీళ్లెంత చల్లనో దాని ఒళ్లూ అంతే. ఇసుకలాగే నీరూ రాత్రికి రాత్రి చల్లబడితే మన మడుగుల్లో బొచ్చె, శీలావతి తట్టుకోలేవు. పైగా చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువగా నిలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు ఇమిడితే, 20 దగ్గర తొమ్మిది. చలికి మేత తగ్గించి అడుగున మెదలకుండా ఉండే చేపకు ఊపిరి కొదవ రాదు.

ఇది మన ఏటి సంగతి. నీలకంఠుడి కైలాసం దగ్గర మానససరోవరం చలికాలంలో గడ్డకట్టిపోతుంది. అక్కడ నీరు చేసే పని తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. చల్లబడేకొద్దీ నీరు చిక్కబడి, బరువెక్కి అడుగుకు దిగుతుంది. అదీ 4 డిగ్రీల దాకానే. అంతకన్నా చల్లబడితే ఉబ్బి తేలికై పైనే ఉండిపోతుంది, పైనే గడ్డకడుతుంది. ఆ మంచు గొంగళిలా సరస్సును కప్పి, కింద నీళ్లను నీళ్లుగానే ఉంచుతుంది. మంచు మునిగేదే అయితే అడుగు నుంచి బిగుసుకుంటూ వచ్చేది, చేప మిగిలేది కాదు.

నియమాన్ని పక్కకు నెట్టి జరిగేదే మహిమ అనుకుంటాం. నాకు ఆ 4 డిగ్రీల నియమంలోనే దయ కనిపిస్తుంది. మొక్కడం తెలియని మూగజీవికి, అడగకముందే ఏర్పాటు జరిగిపోయింది. వేదం నీళ్లను తల్లులని ఊరికే పిలవలేదు.

ఆ తల్లికి కావలసింది లోతు, శుభ్రత. జానెడు నీళ్లలో ఎండ నిలవదు. నీళ్లలో కుళ్లే ప్రతిదీ చేపల ప్రాణవాయువునే తింటుంది. మాఘస్నానానికి వెళ్లేవాళ్లు విడిచిన బట్టలు ఏట్లో వదలకండి. మూటకట్టి ఒడ్డుకు తెచ్చుకుంటే స్నానఫలానికి ఏ లోటూ రాదు.