లెక్క ఎవరి వైపు నుంచి?
మన గూడేల్లో ఆలుమగలు విడిపోతే, "కొడుకు తండ్రికి, కూతురు తల్లికి; ఎవరి బిడ్డను వాళ్లు సాక్కోండి, లెక్క సరి" అంటారు పెద్దలు. తండ్రికి నెలజీతం, తల్లికి కూలి, తునికాకు ఆదాయమే అయితే ఆ లెక్క ఎలా సరి? తోబుట్టువుల్లో ఒకరు చదువుకుంటారు, ఒకరు కూలికి పోతారు. ఆ తేడా బడిలో మనకే ముందు కనబడుతుంది.

1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. పెళ్లి, విడాకులు మన కట్టుబాటు ప్రకారమే. కానీ మనోవర్తికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ మనకూ ఉంది. స్థోమత ఉండీ బిడ్డను పోషించకపోతే నెలనెలా చెల్లించమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

మేకలను పంచినట్టు పిల్లలను పంచలేం. తీర్పుకు ముందు ఇద్దరి కంచాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. వెలితిగా ఉన్న కంచం నింపమని అడగడం ఆ బిడ్డ హక్కు.