పెరటి మల్లె ఎవరిది?

వేసవి వచ్చెనన్న, పెరడు గల ప్రతి గృహమునందును ఒక వ్యాజ్యము పుట్టును. నీరు చాలదు. ఉన్న నీటిని మల్లెపొదకు పోయుదమా, బీరపాదునకు పోయుదమా? గత వైశాఖమాసమున విజయవాడలో ఒక మిత్రుని పెరటియందు ఈ వ్యాజ్యమే నడచుచుండగా వింటిని. మిత్రుడు లెక్కల మనిషి. "కడుపు నిండిన పిదప గదా కొప్పున పువ్వు! కూరపాదులు బ్రదికిన చాలును. మల్లెను ఎండనిండు" అని ఆయన వాదము. ఇల్లా లందుకు సమ్మతింపలేదు. "దేవునికి పువ్వు వద్దా?" అని ఆమె దేవుని తన పక్షమునకు చేర్చుకొనెను.

తోటపని యెరిగినవారు ఈ తగవును కొంతవరకు తీర్పగలరు. మండువేసవిలో విజయవాడ యెండ 40 డిగ్రీలు దాటును. అంతటి వేడిమిలో టమాటా మొక్క పూత పూసియు పిందె నిలుపజాలక రాల్చివేయును. ఎంత నీరు పోసినను ఆ నష్టము పూర్తిగా తీరదు. మధ్యాహ్నపు టెండ తగులకుండ నీడ కల్పించినచో కొంత మేలు. బెండ, గోరుచిక్కుడు ఎండ కోర్చుకొనును. తోటకూర విత్తిన నెలదినములకే కోతకు వచ్చును. మొదళ్లచుట్టును ఎండుటాకులు పరచి, ప్రొద్దెక్కకమునుపే నీరు పోసినచో తేమ త్వరగా ఆరిపోదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు పాదులకు మరలించినచో మరికొంత కలిసివచ్చును.

మల్లె విషయము వేరు. చలికాలమున దానికి నీరు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొంతకాలము ఎండగట్టి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టుదురు. అప్పుడది వేసవిలో విరగబూయును. కావున వేసవియే దాని ఋతువు. చలికాలమంతయు దానిచే ఉపవాసము చేయించి, తీరా పూచువేళకు నీరు నిలిపివేయుట న్యాయము కాదని నేను తీర్పు చెప్పితిని. ఇల్లాలు సంతోషించినది. మిత్రుడు లెక్క తప్పినదన్నట్లు చూచెను.

మేమిట్లు వాదించుచుండగనే ఒకామె నీటిబిందె మోసికొని మా ముందునుండి ఏడెనిమిది మారులు పోయి వచ్చెను. ఆమె మిత్రుని అక్కగారు. చిన్నవయసుననే భర్త గతింపగా పుట్టింటికి వచ్చి నలువది యేండ్లు దాటినది. ఆ పెరడంతయు ఆమె చేతి చలువయే. బీరపువ్వు సాయంకాలమున విచ్చును. తేనెటీగలు రాని నాడు మగపువ్వును కోసి, అడుగున పిందె గల ఆడుపువ్వున కద్దునది ఆమెయే. మల్లెమొగ్గలు రాత్రి విచ్చును గనుక, ప్రొద్దుండగనే కోసి మాల కట్టునదియు ఆమెయే. ఆ మాల దేవునికి పోవును, మరదలి కొప్పునకు పోవును, పొరుగింటి పేరంటమునకు పోవును. ఆమె జడకు మాత్రము పోదు. నీరెవరికి పోయవలెనన్న ఆ చర్చలో, నీరు మోయు మనిషిని అడిగినవారును లేరు. న్యాయాధిపతిని నేనే గదా, నేనును అడుగలేదు.

ఆ యింటివారు కఠినులు కారు. పండుగకు ఆమెకు మంచి చీర కొందురు, జబ్బు చేసిన వైద్యుని పిలుతురు. "మా అక్కది నిష్కామకర్మ" అని మిత్రుడు నాతో గౌరవముగనే పలికెను. ఈ మాటయే నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

నిష్కామకర్మ యన నేమి? తనకు రాదగిన ఫలమునం దాశ విడిచి పని చేయుట. ఫలమును ముట్టరాదని ముందే శాసించి, పిదప ఆ చేతి వైరాగ్యమును పొగడుట, తాళము వేసిన పెట్టె యెదుట నిలిచినవాని నిగ్రహమును మెచ్చుకొనుటవంటిది. విడిచినవాడు వేరు, పోగొట్టుకొన్నవాడు వేరు. అన్నముండి మానినవానికి ఏకాదశి ఫలము కలదందురు. అన్నములేక పస్తున్నవాని కెవరును ఆ పుణ్యము లెక్క కట్టరు.

"ఆమెకే యిష్టము లేదు, పెట్టుకొమ్మన్నను పెట్టుకొనదు" అని కొందరందురు. నిజమే కావచ్చును. నలువది యేండ్లు అడుగనివారు ఈ సంగతి యెట్లెరుగుదురో నాకు తెలియదు. అట్లని సంస్కర్తలము మనము పోయి బలవంతముగ పువ్వు ముడిపించుటయు తగదు. అదియు ఆమె తలమీద మన అధికారమే యగును. ఆడుపిల్లకు నడక రాకమునుపే తల్లి పువ్వు ముడుచును. భర్త తేని పువ్వు భర్తతో ఏల పోవలెను?

1856లో వితంతు పునర్వివాహమును చట్టము సమ్మతించినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. పెద్ద ద్వార మాయన తెరచిరి. దానిగుండ పోలేనివారికిని, పోనొల్లనివారికిని చిన్న ద్వారములు చాలకాలము మూసియే యున్నవి. 2022 మే నెలలో మహారాష్ట్రమునందలి కొల్హాపూరు జిల్లా హెర్వాడ్ గ్రామపంచాయతి, భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టుట, బొట్టు చెరుపుట మున్నగు ఆచారములు మానవలెనని తీర్మానించినది. ఆ నెలలోనే ఆ రాష్ట్రప్రభుత్వము తక్కిన గ్రామములకును ఆ మార్గమును సూచించినది. రాజమహేంద్రవరపు పెండ్లికిని ఈ తీర్మానమునకును నడుమ నూటనలువది యేండ్లు గడచినవి. బొట్టు, గాజు అంతకాలము పట్టినవి.

నా మాటలు విని మిత్రుడు నవ్వి యూరకుండెను. కళాశాలలో చదువుచున్న ఆయన కూతురు గుమ్మమున నిలిచి వినుచుండెను. సాయంకాలము మాల కట్టుట ముగియగనే ఆ పిల్ల ఒక మూర త్రుంచి, "అత్తయ్యా, ఇది నీ వాటా. పెట్టుకుంటావో, దేవుడికి పెడతావో, ఊరికే ఉంచుకుంటావో నీ ఇష్టం" అని చేతి కిచ్చినది. ఆమె దానిని చాలసేపు చూచి, "ఈ యేడు మొగ్గ చిన్నదైందే. కొమ్మ కత్తిరించడం ఆలస్యమైంది" అని, తడిగుడ్డలో చుట్టి తన గదిలోనికి కొనిపోయెను.

మరునాటినుండి మల్లెకు రెండు బిందెలు ఎక్కువ పోయుచున్నదని మిత్రుడు నాకు ఫిర్యాదు చేసినాడు.