ఇంటికన్నా ముందు నేలను చూడండి

టోక్యోలో ఉద్యోగం రాగానే మనవాళ్లు చాలామంది ముందుగా వినే పేరు నిషి కసాయి. ఎదొగావా వార్డులోని ఆ పేటలో భారతీయ కుటుంబాలు ఎక్కువ. కందిపప్పు దొరుకుతుంది, దొంగల భయం తక్కువ. ఇంతకన్నా క్షేమమైన చోటేముంటుంది అనిపిస్తుంది.

అయితే ఆ వార్డులో దాదాపు 70 శాతం నేల, సముద్రం పోటు మీదున్నప్పటి నీటిమట్టం కన్నా పల్లంలో ఉంది. 2019లో వార్డు కార్యాలయం వరద ముప్పు పటం అచ్చువేసింది. పెద్ద వరద వస్తుందంటే ఇక్కడ ఉండొద్దు, ముందే వార్డు దాటి వెళ్లిపొమ్మని అందులో సూటిగా చెప్పింది. నీళ్లు రెండు వారాలకు పైగా కూడా నిలవొచ్చు, పై అంతస్తులో ఉన్నా కరెంటూ తాగునీరూ ఉండవు. తమ ఊరి గురించి అంత నిజం చెప్పిన అధికారులంటే నాకెంతో గౌరవం.

అక్కడికి వెళ్లొద్దని నేననను. భాష రాని దేశంలో అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తట్టడానికి మనవాళ్ల తలుపొకటి ఉండటం కూడా రక్షణే. కానీ సంతకానికి ముందు ఆ పటంలో మీ భవనం ఎక్కడుందో చూసుకోండి. 2020 ఆగస్టు నుంచి ఇళ్ల ఏజెంటు ఆ వివరం చెప్పి తీరాలన్న నిబంధన ఉంది. భవనానికి 1981 జూన్ తర్వాత అనుమతి వచ్చిందా అనీ అడగండి, భూకంపాలను తట్టుకునే కొత్త ప్రమాణాలు అప్పుడే అమల్లోకి వచ్చాయి. జపనీస్ అర్థం కాకపోతే మొహమాటానికి తలూపకండి, తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి మళ్లీ చెప్పించుకోండి.