గుమ్మం దగ్గర నిలబడినవాడు



సెలవులు దగ్గర పడితే మన ఇండ్లలో ఒకటే మాట: ఈసారి ఎక్కడికి పోదాం? పిల్లలు కొండలు, సముద్రం అంటారు. పెద్దవాళ్ళు మాత్రం "అక్కడి మనుషులు మంచివాళ్ళేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నే సరైనదని నా అభిప్రాయం. ఊరు చూసి వచ్చినవారు ఏడాది తరువాత జలపాతాన్ని మరచిపోతారు, దారి తప్పినప్పుడు వెంట నడచి చూపించిన ముసలాయనను మరచిపోరు.

ఏ దేశ ప్రజలు ఎక్కువ సంతోషంగా ఉన్నారో చెప్పే నివేదిక ఒకటి ఏటేటా వెలువడుతున్నది. 2018 నుండి 2025 వరకు వరుసగా ఎనిమిదిసార్లు ఫిన్లాండు మొదట నిలిచింది. మీ జీవితానికి సున్న నుండి పది వరకు ఎన్ని మార్కులు వేసుకుంటారని మనుషులను అడిగి కట్టిన వరుస అది. కొత్తవానికి వాళ్ళు చాయ్ పోస్తారో లేదో ఆ మార్కులలో తెలియదు.

మన దగ్గరి సంగతి చూద్దాం. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఉన్నది. రెండూ బాటసారుల ఊళ్ళే. ఆదివారం వస్తే పట్నం కుటుంబాలు శామీర్‌పేట చెరువు కట్ట మీద, జింకల పార్కులో కనిపిస్తాయి. ధాబాలవాళ్ళు "రండి సార్, కూర్చోండి" అని నవ్వుతూ పిలుస్తారు. ఆ నవ్వును నేను తప్పు పట్టను, అది వాళ్ళ బతుకుదెరువు. గురువిద్యాలయంలో మాకు అరిస్టాటిల్‌ను చదివించారు. ప్రయోజనం కోసం చేసే స్నేహం, సరదా కోసం చేసే స్నేహం, ఎదుటివాని మేలు కోరి చేసే స్నేహం అని ఆయన మూడు విధాలు చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నాలలో నిద్రమత్తుతో విన్న ఆ పాఠం నాకు 2020లో అర్థమైంది.

ఆ ఏడు మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు లేవు, రైళ్ళు లేవు. బీహారు, ఝార్ఖండు, ఒడిషా, ఉత్తరప్రదేశ్ కూలీలు నెత్తిన మూటలు, చంకన పిల్లలతో మేడ్చల్ రోడ్డు పట్టి ఉత్తరానికి నడిచారు. వారి దగ్గర ఖర్చు పెట్టే డబ్బు లేదు, మళ్ళీ వస్తారన్న నమ్మకమూ లేదు. పైగా రోగం అంటుతుందన్న భయం. అయినా ఆ రోడ్డు పక్కన అన్నం పొట్లాలు, మంచినీళ్ళు, మజ్జిగ పట్టుకొని నిలబడినవారున్నారు. మమ్రేలో పట్టపగటి ఎండలో ముగ్గురు బాటసారులను చూసి అబ్రహాము గుడారం నుండి పరుగెత్తాడని ఆదికాండము 18వ అధ్యాయం చెబుతున్నది. ముసలివాడు పరుగెత్తాడు! వారెవరో, ఏ ఊరివారో అడగనే లేదు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది. మా విచారణలో ఒక యువకుడు వరుసగా నాలుగు ఆదివారాలు దివ్యబలిపూజకు వచ్చి వెనుక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బెంచీలలో చోటున్నది. ఎవరూ జరగలేదు. పూజ ముగియగానే మనమంతా మనవాళ్ళతో మాట్లాడుకుంటూ ఉంటే అతడు చెప్పులు వేసుకొని వెళ్ళిపోయేవాడు. అతిథిని క్రీస్తునాథునిగా స్వీకరించాలని పునీత బెనెడిక్టు తన నియమావళి 53వ అధ్యాయంలో వ్రాసినదాని మీద ఆ నెలలోనే నేను ప్రసంగం చేశాను. అతడు అప్పుడూ గుమ్మం దగ్గరే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు.

ఐదవ ఆదివారం అతడు రాలేదు. వాకబు చేస్తే ఫ్యాక్టరీ షెడ్ల వెనుక ఒక రేకుల గదిలో ఉంటాడని తెలిసింది. సాయంత్రం వెళ్ళాను. ఝార్ఖండు నుండి వచ్చిన నలుగురు కతోలిక పిల్లలు, ఒక్క మంచం. మనవానికి జ్వరం. నన్ను చూసి లేచి కూర్చుని, దుప్పటి దులిపి, ఆ మంచం మీద నన్నే కూర్చోబెట్టారు. ఒకడు చాయ్ కోసం పరుగెత్తాడు. గోడకు దేవమాత పటం, కింద జపమాల. తాము వచ్చి ఏడు నెలలైందనీ, గుడి నుండి తమ గదికి వచ్చినది నేనే మొదటివాడిననీ సంతోషంగా చెప్పారు. నిందగా కాదు, నిజంగా సంతోషంగానే.

నేను లేవబోతే జ్వరం పిల్లవాడు చెయ్యి పట్టుకొని ఆపాడు. "ఖానా ఖాకే జాయియే, ఫాదర్."