సెలైన్‌తో పాటు మనం ఏమి అమ్ముతున్నాం?



మన సంఘాల్లో నర్సులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఏ బల్ల చూసినా ఒకరో ఇద్దరో ఉంటారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా మందిరానికి వచ్చి, ప్రసంగం మధ్యలో కునుకు తీసేవాళ్ళూ వాళ్ళే (పాస్టరుగార్లు క్షమించాలి). ఈమధ్య అలాంటి చెల్లెళ్ళు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, ఐవీ హైడ్రేషన్ పనికి పిలుస్తున్నారు. చేయవచ్చా?" జీతం ఎంతో వాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళు అడుగుతున్నది మనస్సాక్షి సంగతి. నేనూ ఈ దేశంలో చాలా ఏళ్ళుగా నర్సునే కాబట్టి తప్పించుకోలేను. ఇది నర్సుల గొడవ, మనకెందుకులే అని మీరు చదవడం మానకండి. ఆ కుర్చీలో చేయి చాపి కూర్చునేవాళ్ళు కూడా మనలో ఉన్నారు.

ఆ పని సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. షాపుల వరుసలో, నెయిల్ సెలూన్ పక్కన ఒక చల్లని గది. తోలు కుర్చీలు, మెత్తని సంగీతం. వచ్చేవాళ్ళలో చాలామందికి జబ్బేమీ ఉండదు. రాత్రి తాగింది దిగనివారు, మారథాన్ పరుగెత్తినవారు, విమానం దిగి అలసిపోయినవారు, ఊరికే నీరసంగా ఉందనేవారు. రిజిస్టర్డ్ నర్సు సూది గుచ్చి ఒక లీటరు సెలైన్ ఎక్కిస్తుంది. అందులో బి విటమిన్లు, సి విటమిన్, మెగ్నీషియం లాంటివి కలుపుతారు. ముప్పావు గంట పని, 200 డాలర్లకు అటూ ఇటూ ధర. ఇంటికో హోటలుకో వచ్చి పెట్టేవారూ ఉన్నారు. దుబాయిలో ఉన్న మన పాఠకులకు కూడా ఇది కొత్త కాదు.

ఈ పనికి వెళ్ళాలనుకునే చెల్లిని డబ్బు ఆశ అని తీసిపారేయకండి. ఆస్పత్రిలో 12 గంటల షిఫ్టులో బాత్రూముకు వెళ్ళడానికి తీరిక దొరకని రోజులుంటాయి. ఒక ముసలాయన చేయి పట్టుకుని రెండు నిమిషాలు నిలబడదామంటే పక్క గదిలో అలారం మోగుతుంది. అందరికీ సెలైన్ ఎక్కించే మనిషి తాను గ్లాసెడు నీళ్ళు తాగకుండానే ఇంటికొస్తుంది. అలాంటి మనిషికి, ఒక్కరి ఎదుట ముప్పావు గంట నెమ్మదిగా కూర్చుని, సాయంత్రం పిల్లల హోంవర్కు వేళకు ఇంటికి చేరే పని దొరికితే, ఆ ఆశలో నాకు తప్పేమీ కనబడదు.

మరి తప్పు ఎక్కడైనా ఉందా అంటే, ముందు ఆ సంచిలో ఏముందో చూడాలి. లీటరు నీళ్ళు, 9 గ్రాముల ఉప్పు. అంతే. ఒక ఇడ్లీలో ఉన్న బలం కూడా అందులో లేదు. కడుపు సరిగ్గా పనిచేస్తున్న ఆరోగ్యవంతుడికి నోటితో తాగిన నీళ్ళు చక్కగా ఒంటికి పడతాయి. ఎక్కువైన బి, సి విటమిన్లను మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఆగకుండా వాంతులయ్యే గర్భిణికి, కీమో తర్వాత ఏమీ నిలవని రోగికి, డాక్టరు రాసి ఇచ్చినప్పుడు ఇదే సెలైన్ పెద్ద మేలు చేస్తుంది. వాళ్ళ గురించి వాదమే లేదు.

ఈ విషయంలో అమెరికావాళ్ళను చూసి నవ్వడానికి మనకు హక్కు లేదు. "ఒక సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది" అనే మాట వింటూ పెరిగినవాళ్ళం. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు సూది వేయకుండా, సీసా తగిలించకుండా మాత్రలిచ్చి పంపిస్తే, ఆయనకు వైద్యం రాదని పక్క ఊరికి వెళ్ళేవాళ్ళు. ఆ సీసాలో బలం లేకపోయినా జనం ఎందుకు అడిగేవారు? నాకు తోచింది చెబుతాను. సీసా తగిలించాక మనిషి మంచం మీద పడుకోవాలి. పొలానికి వెళ్ళమని, పొయ్యి ముట్టించమని ఎవరూ అనరు. ఒకరు పక్కన కూర్చుని చుక్కలు పడుతున్నాయో లేదో చూస్తుంటారు. చుట్టాలు పలకరించడానికి వస్తారు. ఆ రెండు గంటలూ ఆ మనిషి బాధ నిజమని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టు.

ఇక్కడి తోలు కుర్చీలో కూర్చునేవాళ్ళు కొనుక్కునేది కూడా చాలావరకు అదేనని నా అనుమానం. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో ఒంటరిగా లేచే మనిషిని, "ఎలా ఉన్నారు, ఎప్పటినుంచి ఇలా ఉంది" అని నాడి పట్టుకుని అడిగేవాళ్ళు ఎవరున్నారు? ఆదరణను డబ్బుకు ఇవ్వడం పాపమా? కాదు. మంగలి షాపులో తల మర్దనా చేయించుకుంటాం. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ అదేమిటో తెలుసు, ఎవరూ మోసపోరు. సెలైన్ కూడా అంతే తేటగా అమ్మితే నాకు పేచీ లేదు.

అయితే గోడమీద బోర్డు అలా చెప్పదు. రోగనిరోధక శక్తి పెరుగుతుంది, ఒంట్లో విషాలు పోతాయి అంటుంది. ఆ విషాలు తీసే పని దేవుడు కాలేయానికీ మూత్రపిండాలకీ అప్పగించాడు. 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ టెక్సాస్‌లోని ఒక ఐవీ కంపెనీపై చర్య తీసుకుంది. క్యాన్సరు, మధుమేహం లాంటి జబ్బులకు కూడా తమ ద్రావణాలు పనిచేస్తాయని వాళ్ళు ప్రచారం చేశారు. బోర్డు రాసింది యజమానే అయినా, దాని కింద నిలబడేది నర్సు. ఆమె నోటితో ఒక్క అబద్ధం చెప్పనక్కరలేదు. ఆమె ఊరుకుంటే చాలు, అబద్ధం నిజమైపోతుంది.

ఎందుకంటే కొత్త మనిషి సూది పట్టుకుని ఎదురుగా నిలబడితే ఎవరైనా చేయి ఎందుకు చాపుతారు? ఆమె నర్సు గనుక. ఆ నమ్మకం ఆ షాపు సంపాదించింది కాదు. మన తెలుగు క్రైస్తవులకైతే అది ఇంకా దగ్గరి సంగతి. అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు; ఆమె సేవ 1898 నాటికి ఆస్పత్రి అయింది. అలాంటి మిషన్ ఆస్పత్రుల్లో, ముట్టుకోవడానికి ఇతరులు వెనుకాడిన పుళ్ళు కడిగి, మన అమ్మమ్మల తరం "నర్సమ్మ" అనే మాటకు ఒక విలువ తెచ్చింది. ఆ విలువను కుర్చీకి ఇంత అని ఎవరో అద్దెకు తీసుకుంటుంటే, అది దేనికి వాడుతున్నారో అడిగే హక్కు మనకుంది.

అందుకే అడిగిన చెల్లెళ్ళకు నేను ఒక వాక్యం ఇచ్చాను. సూది గుచ్చేముందు ఎదుటి మనిషితో, "ఇది మీరు నోటితో తాగినా సరిపోతుందండీ, అయినా కావాలా?" అని అడగగలవా? అడిగాక కూడా ఆ ఉద్యోగం నీకు ఉంటుందా? ఉంటుందంటే నిశ్చింతగా చేసుకో. వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు, ఉండేవాళ్ళు తెలిసే ఉంటారు. ఆ మాట అంటే యజమాని ఊరుకోడనుకుంటే, నీ జీతంలో కొంత నీ మౌనానికి ఇస్తున్నారన్నమాట.

ఇంకొక మాట కూడా అనగలగాలి: "మీకు పెట్టను." గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి లీటరు సెలైన్ ఊపిరితిత్తుల్లో నీరు చేర్చవచ్చు. జీ6పీడీ అనే ఎంజైము లోపం మన భారతీయుల్లో కొందరికి ఉంటుంది. వాళ్ళకు సి విటమిన్ పెద్ద మోతాదులో రక్తనాళంలోకి వెళితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. పేరు, కార్డు నంబరు తప్ప ఏమీ అడగని చోట ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు? 2023లో టెక్సాస్‌లోని ఒక మెడ్ స్పాలో ఐవీ ఎక్కించుకున్న ఒక స్త్రీ చనిపోయింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం చేసిన చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. డాక్టరు బాధ్యత కింద ఆర్డరు ఉండాలి, ఎక్కించేవారు రిజిస్టర్డ్ నర్సో అంతకన్నా పై అర్హత ఉన్నవారో అయి ఉండాలి. నర్సు తనంతట తాను రాసి పెట్టడానికి వీల్లేదు.

ఇక కష్టమైన సంగతికి వస్తాను. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు నార్త్ కరోలినాలో బాక్స్టర్ కంపెనీ ఫ్యాక్టరీ వరదలో మునిగింది. ఈ దేశంలో వాడే ఐవీ ద్రవాల్లో దాదాపు 60 శాతం అక్కడే తయారయ్యేవి. ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. తాగగలిగిన రోగులకు నోటితోనే ఇవ్వమని మాకు చెప్పారు. ఒక్కొక్క సంచి లెక్కపెట్టుకుని వాడిన ఆ వారాల్లో కూడా, స్టాకు ఉన్న షాపుల్లో తాగిన మత్తు దించడానికి సెలైన్ ఎక్కుతూనే ఉంది. డబ్బిచ్చి కొన్న సంచి వాళ్ళదే, చట్టం ప్రకారం తప్పులేదు. అయినా ఆ సంచి ఎవరిది?

ఈ నీళ్ళు మొదట ఎవరికోసం వచ్చాయో గుర్తుచేసుకోండి. 1832లో స్కాట్లాండులోని లీత్‌లో కలరా వచ్చినప్పుడు థామస్ లట్టా అనే డాక్టరు చావు అంచున ఉన్న ఒక వృద్ధురాలి రక్తనాళంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. ముఖంలో కళ తిరిగొచ్చింది. గండం గడిచిందనుకుని ఆయన వెళ్ళాడు. మళ్ళీ విరేచనాలు పట్టుకుని, కొద్ది గంటల్లోనే ఆమె చనిపోయింది. ఆ తర్వాత ఆయన ఎక్కించినవారిలో కొందరు బ్రతికారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బొంగావ్‌లో, డాక్టరు దిలీప్ మహలనాబిస్ దగ్గర సెలైన్ అయిపోతుంటే, ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు కప్పులతో తాగించమని రోగుల బంధువులకే అప్పగించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. లోకానికి ఓఆర్ఎస్ మీద నమ్మకం కుదిరింది అక్కడే. సెలైన్ అవసరమైనవారికి దొరకక, నోటితో తాగించి బ్రతికించిన చరిత్ర మనది. తాగగలిగినవారికి సెలైన్ ఎక్కించే కాలం ఇది.

రెండవ సమూయేలు గ్రంథంలో దావీదుకు బేత్లెహేము బావి నీళ్ళ మీద ఆశ కలిగింది మీకు తెలుసు. ముగ్గురు ప్రాణాలకు తెగించి ఫిలిష్తీయుల దండును చీల్చుకుని వెళ్ళి తెచ్చారు. దావీదు తాగలేదు. వేరే నీళ్ళు దొరికే ఉంటాయి. ఆ నీళ్ళ వెనక ఉన్న ప్రాణాలు కనబడ్డాక అవి గొంతు దిగలేదు. కొరత కాలంలో ఆ పని మానుకున్న నర్సులను నేను ఎరుగుదును. మానలేకపోయినవారినీ ఎరుగుదును, వాళ్ళకు ఇంటి వాయిదాలున్నాయి. వారిమీద తీర్పు తీర్చడం నా పని కాదు.

చివరగా, నర్సులు కాని మీకు. ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి, "ఆంటీ, నాన్నగారు ఇండియానుంచి వచ్చారు, నీరసంగా ఉన్నారు, ఇన్సూరెన్సు సరిగ్గా లేదు, ఇంట్లోనే ఒక సెలైన్ పెట్టేయండి" అని అడుగుతుంటారు. బిల్లు భయం నాకు తెలుసు, అది చిన్న భయం కాదు. కానీ ఆర్డరు లేకుండా పెడితే ఆ నర్సు లైసెన్సు పోవచ్చు, ఆయన గుండె సంగతి ఆమెకు తెలియదు. ఆమె కాదంటే పొగరు అనుకోకండి. ఆయన తాగగలిగితే లీటరు శుభ్రమైన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్ళీ మొదలుపెట్టండి. మూత్రం బాగా తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అంతదాకా రాకపోతే ఆ గ్లాసు పట్టుకుని ఆయన పక్కన కూర్చోండి, ఫోను అవతల పెట్టి.